రాయమల్లు వంతు

మేడిచెలకలో తెల్లారగానే జనం చేసే మొదటి పని వేపపుల్ల నోట్లో పెట్టుకుని పంచాయతీ ఆఫీసు గోడ దగ్గరికి రావడం. ఆ గోడ మీద నీలం రంగుతో ఊరి వివరాలు రాసి ఉంటాయి. కుటుంబాలు అరవై ఒకటి, చేతిపంపులు ఆరు, ఎడ్లబండ్లు ఇరవై రెండు. అవన్నీ పాతికేళ్ల కిందటి సంగతులు. ఇప్పుడు చేతిపంపుల్లో నీళ్లొచ్చేవి రెండే, ఎడ్లబండి మచ్చుకు ఒక్కటి కూడా లేదు. వాటిని ఎవరూ పట్టించుకోరు. అందరూ చూసేది అన్నిటికన్నా కింది వరుస, జనాభా. అది మాత్రం ఏ రోజుకారోజు సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ అంకె తనంతట తానే మారుతుంది.

ఆ గోడ రాయడానికి గోదావరిఖని నుంచి వచ్చిన పెయింటరుకు ఆ రోజు కోడికూరతో కడుపునిండా అన్నం పెట్టారనీ, అందుకే పని అంత శ్రద్ధగా చేసి వెళ్లాడనీ ఊళ్లో చెప్పుకుంటారు. అంతకు మించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. సర్పంచ్ నర్సింగానికైతే మళ్లీ మళ్లీ రంగు వేయించే బాధ తప్పింది. గోదావరిఖని దవాఖానలో కాన్పయితే ఫోను రాకముందే గోడ మీద ఒకటి పెరుగుతుంది. ఎవరైనా పోతే ఒకటి తగ్గుతుంది. అంకె మారిన పూట అక్కడ టర్పెంటైను వాసన కొడుతుంది, తాకితే వేలికి నీలం అంటుకుంటుంది.

ఒకప్పుడు ఆ అంకె మూడువందల నలభై. తూర్పున మెట్ట చెలకల కింద బొగ్గు ఉందని తేలి, అక్కడ ఓపెన్‌కాస్టు గని తవ్వడం మొదలయ్యాక కొందరు గోదావరిఖనిలో ఇళ్లు కట్టుకున్నారు, కొందరు పెద్దపల్లి వెళ్లారు. సామాను ట్రాలీ ఊరి చివర కల్వర్టు దాటగానే గోడ వాళ్లను తీసేసేది. ఆడపిల్లల పెళ్లిళ్లకూ అంతే. ఇంటికొచ్చిన కోడళ్ల విషయంలో మాత్రం గోడ తొందరపడదు. అంగన్‌వాడీ టీచర్ డెబోరా మందమర్రి నుంచి కోడలిగా వచ్చి మూడు నెలలు ఊళ్లో తిరిగినా అంకె కదల్లేదు. ఒకరోజు నల్లా దగ్గర వరుస తప్పి బిందె పెట్టిన నర్సింగం భార్యను ఆమె నలుగురిలో కడిగిపారేసింది. సాయంత్రానికి గోడ మీద ఒకటి పెరిగింది.

ఊరి ఆడపిల్ల సంతోషి పెళ్లయి శ్రీరాంపూర్ వెళ్లిన రోజు కూడా కారు కల్వర్టు దాటగానే ఒకటి తగ్గింది. ఆమె అవ్వ, కన్నతల్లి సారవ్వ, గోడ దగ్గరికి నడిచి వెళ్లి, ఆరని అంకె మీద వేలు పెట్టింది. ఆ నీలాన్ని మూడు రోజులు కడుక్కోలేదు.

అదే సంతోషి ఐదేళ్ల తర్వాత చేతిలో సంచి కూడా లేకుండా తిరిగొచ్చింది. మొగుడు జైపాల్ బొగ్గుబాయి కార్మికుడు. కొట్టడు, తాగడు. డ్యూటీకి వెళ్తూ క్వార్టరుకు బయట తాళం వేసి వెళ్తాడు. పిల్లలు కాలేదు, పైగా ఆడమనిషి నాలుగిళ్లు తిరిగితే మాటలు పడతాయని అతని లెక్క. మొదటి షిఫ్టయినా, రాత్రి షిఫ్టయినా తాళం పడాల్సిందే. షిఫ్టు సైరను వినపడ్డప్పుడల్లా సంతోషికి తాళం పడిన చప్పుడే గుర్తొచ్చేది. ఒకరోజు వెనక దొడ్లో రోలు మీదెక్కి, గోడ దూకి, కాలు బెణికినా ఆగకుండా బస్సెక్కింది.

ఆమె మేడిచెలకలో ఆటో దిగిన మధ్యాహ్నం ఊళ్లో ఒక్క మనిషి కనిపించలేదు. ఆ పొద్దున్నే రాయమల్లు చనిపోయాడు. ఊరంతా అతన్ని సాగనంపడానికి వెళ్లింది. రాయమల్లు బాయిలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవాడు, సర్వీసు మొత్తంలో ఒక్క నాగా లేనివాడు. సాయంత్రం జనం స్నానాలు చేసి గోడ దగ్గరికి వస్తే అంకె నిన్నటిదే ఉంది. రంగు మాత్రం తడిగా ఉంది. రాయమల్లు కొడుకు సదయ్య ఆ తడిని తాకి చూసి, గోడ నాయినను తుడవబోయిందనీ, ఆయన పోనని మొండికేసి ఉంటాడనీ చెప్పి అక్కడే కూలబడి ఏడ్చాడు. అందరికీ అది సబబుగానే తోచింది. బతికుండగా నాగా పెట్టని మనిషి చచ్చి మాత్రం ఎందుకు పెడతాడు?

అప్పటినుంచి నాలుగేళ్లపాటు గోడ మీది అంకె ఊళ్లోని తలల కన్నా ఒకటి ఎక్కువే ఉంటూ వచ్చింది, ఆ ఒకటీ రాయమల్లే అని ఊరు ఒప్పుకుంది. గోడకు ఎదురుగా ఉన్న తన హోటల్లో సదయ్య రోజూ మొదటి గ్లాసు చాయ్ నాయిన పేరు మీద బల్ల మీద పెట్టేవాడు. దసరాకు మేకపోతులు కోసినప్పుడు కూడా అంతే. మేడిచెలకలో మాంసం పోగులు ఇంటికొకటి కాదు, తలకొకటి వేస్తారు. చంకలో బిడ్డకూ పోగే, మంచంలో ముసలికీ పోగే. గోడ మీద ఎంతుంటే అన్ని మోదుగాకులు పరుస్తారు. చివర్లో మిగిలిన పోగును సదయ్య తీసుకెళ్లి రాయమల్లు సమాధి మీద పెట్టి వచ్చేవాడు. ఆ పూట అటువైపు కుక్కలకూ పండగే.

సంతోషికి పోగు లేదు. ఆమె చుట్టపుచూపుగా వచ్చింది. అన్న ఉపేందర్ ఎవరడిగినా అదే చెప్పేవాడు, నాలుగు రోజులుండి పోతుందని. ఆ నాలుగు రోజులు నాలుగేళ్లయ్యాయి. ఉపేందర్ చెడ్డవాడు కాదు. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు, తినేదానికి వెనకాడలేదు. కానీ ఇచ్చేసిన ఆడపిల్లకు ఒడిబియ్యం పోసి పంపాలి గాని ఇంట్లో పెట్టుకోకూడదని అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు, అది తప్పయ్యే వీలుందని ఎప్పుడూ అనుమానం రాలేదు. సంతోషి పత్తి ఏరేది, వరి నాటేది, అన్న బిడ్డ హర్షిణికి ఎక్కాలు చెప్పేది. దసరా పూట ఉపేందర్‌కు, వదినకు, అవ్వకు, హర్షిణికి నాలుగు పోగులొచ్చేవి. సారవ్వ తన ముక్కలు ఒక్కొక్కటే బిడ్డ పళ్లెంలోకి తోసి, పండ్లు లేనిదాన్ని నాకెందుకనేది. ఆ పండ్లతోనే ఆమె జొన్నరొట్టె నమిలేదని సంతోషికి తెలుసు. అయినా తల వంచుకుని తినేది.

ఆ ఏడు దసరా ముందు మండల ఆఫీసు నుంచి ఊరి జనం జాబితా అడిగారు. ఏటా అడిగేదే. ఏటా డెబోరా గోడ మీది అంకెకు సరిపోయేలా చివరి వరుసలో రాయమల్లు పేరు, పోయిన ఏటి కన్నా ఒకటి పెంచి వయసు రాసి పంపేది. ఈసారి చిక్కొచ్చింది. పేరుతో పాటు ఫోన్లో మనిషి ముఖం కూడా పట్టాలట. సదయ్య దండ తీసి నాయిన ఫోటో తెచ్చి ఫోను ముందు పెట్టాడు. ఫోను రెప్ప వేయమంది. ఇద్దరూ చాలాసేపు ఓపిక పట్టారు గాని రాయమల్లు రెప్ప వేయలేదు.

డెబోరాకు చేతిరాత బాగుండదు కాబట్టి రిజిస్టరు రాయడానికి సంతోషిని వెంట తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. సంతోషి గుండ్రటి అక్షరాలతో రెండువందల పదమూడు పేర్లు రాసింది. ఆ వారంలోనే పుట్టిన పోశం మనుమడికి ఇంకా పేరు పెట్టలేదంటే బాబు అని రాసింది. గోడ మీద 214 ఉంది. రెండోసారి తిరిగారు, మళ్లీ పదమూడే వచ్చింది. గోడ మీద అపనమ్మకం డెబోరాకు లేదు, తప్పు పుస్తకంలోనే ఉండాలి. ఉపేందర్ గుమ్మంలో నిలబడి ఆమె ఒక మాట అడిగి చూసింది, సంతోషిని రాసుకుందామా అని.

"ఆమె పేరు అత్తగారింట్ల ఉంటది టీచరక్కా," అన్నాడు ఉపేందర్. "రేపోమాపో పోయే మనిషి."

శ్రీరాంపూర్ కాలనీ అంగన్‌వాడీకి డెబోరా ఫోను చేసి కనుక్కుంది. అక్కడి టీచరు పుస్తకం చూసి, ఆ క్వార్టరులో ఒక్కడే ఉంటున్నాడని, ఆడమనిషి పేరు కొట్టేసి మూడేళ్లయిందని చెప్పింది. అంటే సంతోషి అక్కడా లేదు, ఇక్కడా లేదు. లోపల బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆమె ఇదంతా వింది. రెండు ఊళ్ల మనుషులందరి పేర్లూ ఎవరో ఒకరు రాసుకున్నారు, తన పేరు రాయడానికి మాత్రం ఎక్కడా ఒక గీత లేదు. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

ఉపేందర్ అన్నది ఊరికే కాదు. జైపాల్ నుంచి కబురొచ్చింది. ఇక తాళం వేయనని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు, దసరా నాడు వచ్చి తీసుకుపోతానన్నాడు. నర్సింగం ఇంటి ముందు చాప వేసుకుని కూర్చున్న నలుగురికీ మాట మంచిగానే కనిపించింది. వెళ్తావా అని సంతోషిని వాళ్లెవరూ అడగలేదు. రాత్రి అన్నాల దగ్గర సారవ్వ ఒక్కతే అడిగింది.

"పొమ్మంటే పోత అవ్వా," అంది సంతోషి. పోనని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కానీ పోనని చెప్పే హక్కు ఇంటి మనిషికి ఉంటుంది, చుట్టానికి ఎక్కడిది?

దసరా పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు ఐదు పోతులు తెగాయి. క్రైస్తవులైన డెబోరా వాళ్ల రెండిళ్లకు పోశమ్మకు మొక్కని పోతు నుంచి వేరుగా తీశారు, అది ఎప్పుడూ ఉన్న ఏర్పాటే. నేల మీద రెండువందల పద్నాలుగు మోదుగాకులు పరిచారు. అదే సమయానికి ఉపేందర్ ఇంట్లో సంతోషిని పీట మీద కూర్చోబెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు ఆమె ఒళ్లో పోశారు. వదిన కొంగు ముడి వేసింది. ఉపేందర్ ఐదు దోసిళ్లు పోసి, ఆమె ముఖంలోకి చూడకుండా లేచాడు. జైపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం బయట మోటారుబండి తుడుచుకుంటున్నాడు. హర్షిణి మేనత్త కాళ్లు చుట్టేసి వదల్లేదు, వాళ్లమ్మ వచ్చి విడదీసింది. సారవ్వ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

బండి కల్వర్టు దాటింది. సంతోషి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దూకేస్తానేమోనని ఆమెకు తన మీద తనకే భయం.

రెండు కిలోమీటర్లు పోయాక రైలు గేటు పడింది. కరెంటు ప్లాంటుకు బొగ్గు మోసే రైలు వస్తోంది. జైపాల్ ఇంజిను ఆపాడు. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి దాటుతుంటే నేల అదిరింది, ఆ అదురుకు బండి తాళంచెవుల గుత్తి గలగలలాడింది. సంతోషి చూపు దాని మీద పడింది. బండి చెవి పక్కన పొడుగాటి ఇత్తడి చెవి వేలాడుతోంది. అది ఏ తాళానిదో ఆమెకు తెలుసు. ఐదేళ్లు అవతలివైపు నుంచి దాని చప్పుడు విన్నది.

"గా చెవి ఇంకెందుకు?" అని అడిగింది.

జైపాల్ తల తిప్పకుండా, "ఉండనీ. ఏదన్న పనికొస్తది," అన్నాడు.

ఆమె ఏం చేయాలో తోచక వ్యాగన్లు లెక్కపెట్టసాగింది. రైలు వెళ్లిపోతే గేటు లేస్తుంది, గేటు లేస్తే బండి కదులుతుంది. రైలు ఎంత పొడుగుంటే అంత మంచిదనిపించింది. ముప్పై నాలుగో వ్యాగను దగ్గర వెనక నుంచి ఎవరో గట్టిగా హారను కొట్టారు. సదయ్య హోటలు టీవీఎస్ బండి మీద ఉపేందర్ వస్తున్నాడు. చొక్కా గుండీలు లేవు, అరచేతులకు పసుపు బియ్యం ఇంకా అంటుకునే ఉంది. వచ్చీ రాగానే కుడిచేతి చూపుడువేలు చెల్లెలి ముఖం ముందు పెట్టాడు. వేలి కొసన నీలం రంగు తడిగా మెరిసింది.

సంగతి ఏమిటంటే, ఇక్కడ బండి కల్వర్టు దాటగానే అక్కడ పోగుల దగ్గర టర్పెంటైను వాసన కొట్టింది. అందరూ తల తిప్పి చూస్తే గోడ మీద 213 ఉంది. సదయ్య చేతిలో కత్తి కింద పడేసి, ఇన్నేళ్లకు మా నాయిన పోయిండని గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆడవాళ్లూ గొంతు కలిపారు. పోగులు తీసుకోవడానికి అప్పుడే వచ్చిన ఉపేందర్ మాత్రం ఏడవలేదు. కాసేపు గోడను చూశాడు, ఖాళీ రోడ్డును చూశాడు. దగ్గరికెళ్లి ఆ మూడు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. పక్కనే రిజిస్టరు పట్టుకుని డెబోరా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాయమల్లు పోయిన రోజు అంకె మారకుండానే రంగు ఎందుకు తడిసిందో ఆ ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పొద్దున ఒకటి తగ్గింది, మధ్యాహ్నం ఒకటి పెరిగింది.

రైలు చప్పుడులో ఉపేందర్ ఇదంతా అరుస్తూ చెప్పాడు.

"నాలుగేండ్ల సంది ఉన్నది రాయమల్లు తాత కాదు చెల్లే, నువ్వు. నేనే చుట్టమనుకున్న."

జైపాల్ బండి స్టాండు వేసి దిగాడు. పెద్దమనుషుల ముందు మాట అయింది కదా బావా అన్నాడు. అయిందని ఉపేందర్ ఒప్పుకున్నాడు. చుట్టాన్ని పంపుతానని మాట ఇచ్చాను, ఊరి మనిషిని పంపే అధికారం నాకెవరిచ్చారన్నాడు. అప్పుడు చెల్లెలివైపు తిరిగి, ఇన్నేళ్లలో తానెప్పుడూ అడగనిది అడిగాడు.

"నీకేం చెయ్యాలనున్నది?"

చివరి వ్యాగను దాటింది. గేటు లేవడం మొదలైంది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. సంతోషి ఒళ్లో బియ్యం ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని బండి దిగింది. "ఇంటికి పోత," అంది. ఏ ఇంటికో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. లారీవాళ్లు తిట్ల దాకా వచ్చారు. జైపాల్ ఇది ఇక్కడితో అయిపోలేదని చెప్పి బండెక్కి పట్టాలు దాటి వెళ్లిపోయాడు. ఇత్తడి చెవి చప్పుడు కొంతదూరం వినిపించి ఆగింది.

టీవీఎస్ కల్వర్టు దాటేసరికి ఊరు ఊరంతా గోడ ముందే ఉంది. ఎవరూ మనిషివైపు చూడలేదు, అందరూ గోడనే చూస్తున్నారు. మూడు అంకె అంచులు కరిగి, కొద్దికొద్దిగా జారి నాలుగైంది. నర్సింగం, నిన్నటి మాట నిన్నటితోనే పోయింది అన్నాడు. అతనికి అంతకన్నా మాట్లాడటం చేతకాదు. మిగిలిన పోగును సదయ్య మోదుగాకుతో సహా ఎత్తి, సమాధివైపు రెండడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చి సంతోషి చేతిలో పెట్టాడు. ఆ పూట సారవ్వ తన ముక్కలన్నీ తానే తిన్నది, పండ్లు బాగానే ఉన్నాయి. డెబోరా ఫోను తెచ్చి రెప్ప వేయమంటే సంతోషికి కళ్లనిండా నీళ్లుండి రెప్ప ఆగకుండా పడింది. ఫోను వెంటనే ఒప్పుకుంది. రిజిస్టరులో రెండువందల పద్నాలుగో వరుస ఆమే రాసుకుంది, గుండ్రటి అక్షరాలతో.

తర్వాత జైపాల్ రెండుసార్లు మనుషులను తీసుకుని వచ్చాడు. పెద్దపల్లి కోర్టు చుట్టూ సంతోషి ఏడాదిన్నర తిరగాల్సి వచ్చింది. ప్రతి వాయిదాకు ఊరి నుంచి ఎవరో ఒకరు వెంట వెళ్లారు. అదంతా చెప్పుకుంటూ పోతే చాలా ఉంది గాని, చెప్పాల్సింది దసరా మర్నాటి పొద్దుటి సంగతి.

ఎప్పటిలాగే జనం వేపపుల్లలతో గోడ దగ్గర చేరారు. సదయ్య పొయ్యి వెలిగించి చాయ్ కాచాడు. అలవాటుగా మొదటి గ్లాసు నింపి బల్ల మీద పెట్టబోయి ఆగిపోయాడు. నాయిన నాలుగేళ్ల కిందటే పోయాడని అతనికి రాత్రంతా కొత్తగా తెలుస్తూ ఉంది. గ్లాసు చేతిలో అలాగే ఉంది. నల్లా నుంచి బిందెతో వస్తున్న సంతోషిని పిలిచాడు.

"రా బిడ్డా, తాగు. గిన్నేండ్ల సంది చల్లారిపోయింది గని, ఇది నీదే."

సంతోషి బిందె దించి బల్ల మీద కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుటక తాగింది. రాయమల్లుకు నచ్చినట్టు చక్కెర దండిగా వేసి ఉంది. ఒకప్పుడైతే చుట్టంలాగా ఏమీ అనకుండా తాగేసేది.

"తీపెక్కువైంది కాకా," అంది. "రేపు జర తక్కువెయ్యి."